ఫోర్డ్స్ థియేటర్‌లో బూత్ నడిచిన దారిని కాగితం మీద పెట్టిన అనుభవం

1865 ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో నటుడు జాన్ విల్క్స్ బూత్ అధ్యక్షుడు లింకన్‌ను వెనకనుంచి కాల్చాడు. ఇది అందరికీ తెలుసు. ఆ కాల్పుకు ముందు గంటసేపు, తర్వాత గంటసేపు బూత్ ఏ తలుపులోంచి వచ్చాడు, ఎవరి పక్కనుంచి పోయాడు, ఎక్కడ ఆగాడు అన్నది ప్లాన్ మీద గీతగా గీయడమే నేను పెట్టుకున్న పని. ఎలా చేశానో, ఎక్కడ తప్పానో, ఏ గీత ఎందుకు చెరిపి మళ్ళీ గీశానో రాస్తున్నాను. ఇలాంటి పని తలపెట్టేవాళ్ళకు పనికొస్తుంది.

మొదటి పొరపాటు గడియారంతో మొదలుపెట్టడం. సాక్షులు చెప్పిన సమయాలన్నీ ఒక పట్టికలో వేశాను. బూత్ వెనక సందులోకి వచ్చింది తొమ్మిదికని ఒకరు, తొమ్మిదిన్నరకని ఒకరు, పదికని ఒకరు. పట్టిక నిండేకొద్దీ ఒకే మనిషి ఒకే నిమిషంలో మూడు చోట్ల తేలాడు. అమెరికాలో ప్రామాణిక కాలం వచ్చింది 1883లో, అదీ రైల్వేల వల్ల. 1865లో ఎవరి జేబు గడియారం వాళ్ళది. పట్టిక పక్కన పడేసి, ముందు వరస తేల్చుకున్నాను: దేని తర్వాత ఏది. గంటలు, నిమిషాలు చివర్లో వేసుకోవచ్చు.

రెండో పొరపాటు కుడి ఎడమలు. ప్రేక్షకుడి కుడి నటుడికి ఎడమ. సాక్షుల్లో నటులు, ప్రేక్షకులు, సీన్లు నెట్టే పనివాళ్ళు అందరూ ఉన్నారు, ఒక్కొక్కరు తమ వైపునుంచి చెబుతారు. అందుకే నా కార్డుల్లో కుడి, ఎడమ అనే మాటలు కొట్టేసి దిక్కులు రాశాను. థియేటర్ ముఖద్వారం పడమర, టెన్త్ స్ట్రీట్ మీదికి. వేదిక తూర్పున. లింకన్ కూర్చున్న బాక్స్, అంటే వేదిక పక్కన ఎత్తులో ఉండే ప్రత్యేక గది, దక్షిణాన. బూత్ పారిపోయిన తలుపు ఈశాన్యంలో, బాప్టిస్ట్ ఆలీ అనే సందులోకి. ఈ నాలుగూ తలకెక్కితే సగం చిక్కులు విడిపోతాయి.

ప్లాన్‌కు పావు అంగుళం ఒక అడుగు లెక్కన స్కేలు పెట్టుకున్నాను. దాని మీద మూడు ట్రేసింగ్ కాగితాలు: ఒకటి బూత్‌కు, ఒకటి సాక్షులకు, ఒకటి వేదిక మీద ఆ సమయానికి నిలిపిన సీన్లకు. మూడో కాగితం లేకుండా పని సాగదు. తెర వెనక ఏ దారి మూసి ఉందో, ఏది తెరిచి ఉందో సీనే చెబుతుంది.

ఈనాటి భవనాన్ని కొలిచి గీస్తే మాత్రం మోసపోతాం. లింకన్ చనిపోయాక ప్రభుత్వం థియేటర్‌ను తీసుకుని లోపలంతా మార్చి ఆఫీసు చేసింది. 1893 జూన్ 9న ఆ అంతస్తులు కూలి 22 మంది చనిపోయారు. ఇప్పుడు మనం చూసే హాలు 1960ల్లో నేషనల్ పార్క్ సర్వీస్ పునర్నిర్మించినది, 1968లో తెరిచారు. హత్య తర్వాత మాథ్యూ బ్రేడీ స్టూడియో తీసిన ఫోటోలు ఆ పునర్నిర్మాణానికి పెద్ద ఆధారం. అందుకే నేనూ ముందు ఫోటోలు, తర్వాత పునరుద్ధరణ డ్రాయింగులు చూసి, భవనంలోకి ఆఖర్న వెళ్ళాను.

సాక్ష్యాలను కాలాన్నిబట్టి విడదీశాను. అన్నిటికన్నా విలువైనవి ఆ రాత్రివే. లింకన్‌ను మోసుకెళ్ళిన ఎదురింట్లో, పీటర్సన్ హౌస్‌లో, జేమ్స్ టానర్ అనే యువకుడు షార్ట్‌హ్యాండ్‌లో సాక్షుల మాటలు రాసుకున్నాడు. యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న మనిషి. వేదిక మీదున్న నటుడు హ్యారీ హాక్ చెప్పినదీ అందులో ఉంది. తర్వాతి మెట్టు 1865 మే, జూన్‌లలో సైనిక న్యాయస్థానం ముందు జరిగిన విచారణ. ఆ పైన 1867లో కుట్రలో నిందితుడైన జాన్ సురాట్ విచారణ. ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత పత్రికలకు చెప్పిన జ్ఞాపకాలు నాలుగో కట్ట. వాటిని దేన్నీ రుజువు చేయడానికి వాడలేదు. ఆఖరి సాక్షిగా పేరుపడ్డ శామ్యూల్ సేమూర్ 1956 దాకా బతికాడు. ఆ రాత్రికి ఆయన వయసు అయిదేళ్ళు. ఒక మనిషి కిందపడటం చూశానన్న ఆయన మాట నమ్మవచ్చు. ఎక్కడినుంచి, ఎటువైపుకు అని ఆయన్ని అడగలేం.

ఒక్కో సాక్షికి ఒక కార్డు. పేరు, నిలబడ్డ లేదా కూర్చున్న చోటు, అక్కడినుంచి కంటికి ఆనేది, తాను చూసింది, విన్నది, ఎప్పుడు ఎవరి ముందు చెప్పాడన్నది. మూడో గడి నింపడానికి ప్లాన్ మీద దారం పట్టి చూడాలి. బాక్స్ ఉన్న దక్షిణం వైపునే, దాని కిందో వెనకో కూర్చున్నవాళ్ళకు బాక్స్ లోపల కనబడే అవకాశమే లేదు. జేమ్స్ ఫెర్గూసన్ ఉత్తరం వైపు డ్రెస్ సర్కిల్‌లో, బాక్స్‌కు ఎదురుగా కూర్చున్నాడు. పైగా చేతిలో దూరదర్శిని. దారం ఆయన సీటునుంచి నేరుగా బాక్స్‌లోకి పోతుంది. ఆయన కార్డు పైకొచ్చింది, చాలా కార్డులు అడుక్కుపోయాయి. మన పాత సినిమా హాళ్ళలో టికెట్ మీద ఉండే ఆ డ్రెస్ సర్కిలే ఇది, మొదటి అంతస్తు బాల్కనీ.

పగటి కదలికలు తేలిగ్గానే కుదురుతాయి. బూత్ పెన్సిల్వేనియా ఎవెన్యూలోని నేషనల్ హోటల్‌లో ఉంటున్నాడు. మధ్యాహ్నానికి ముందు ఉత్తరాల కోసం థియేటర్‌కు వచ్చినప్పుడు అధ్యక్షుడు రాత్రికి వస్తున్నాడని తెలిసింది. పమ్‌ఫ్రీ అనే అతని గుర్రపుశాలనుంచి ఒక చిన్న ఆడగుర్రాన్ని అద్దెకు మాట్లాడుకున్నాడు. ఉపాధ్యక్షుడు జాన్సన్ దిగిన కిర్క్‌వుడ్ హౌస్ అనే హోటల్‌లో తన కార్డు ఒకటి వదిలాడు. వీధిలో కలిసిన తోటి నటుడు జాన్ మాథ్యూస్ చేతికి పత్రికకు ఇమ్మని ఒక ఉత్తరం ఇచ్చాడు. మాథ్యూస్ దాన్ని తర్వాత చదివి భయపడి కాల్చేశాడు.

రాత్రి గీత మొదలయ్యేది వెనక సందులో. బూత్ గుర్రంతో వచ్చి నెడ్ స్పాంగ్లర్‌ను పిలిచాడు. స్పాంగ్లర్ సీన్లు నెట్టే పనివాడు. నాటకం నడుస్తుండగా తన చోటు వదిలి ఉండలేడు. గుర్రం పట్టుకునే పనిని ‘పీనట్ జాన్’ అని పిలిచే జోసెఫ్ బరోస్‌కు అప్పగించాడు. బూత్ లోపలికొచ్చి వేదిక వెనకనుంచి అవతలికి దాటొచ్చా అని అడిగితే, డెబొనే అనే నటుడు కుదరదన్నాడు. అప్పుడు నడుస్తున్నది పాలకొట్టం సీను. అది వేదిక లోతంతా ఆక్రమించేది, వెనక నడిచే సందు ఉండదు. దాంతో బూత్ కిందికి దిగి, వేదిక అడుగునుంచి పోయి, దక్షిణం వైపు పైకొచ్చి, పక్క సందులోంచి టెన్త్ స్ట్రీట్ మీదికి వచ్చాడు.

ఈ ఒక్క మెట్టు దగ్గర నాకు పని దారిలో పడింది. నడుస్తున్న నాటకం ‘అవర్ అమెరికన్ కజిన్’. దాని పాఠం దొరుకుతుంది. పాలకొట్టం సీను ఎక్కడ వస్తుందో, కాల్పు జరిగిన మూడో అంకం రెండో రంగం దానికి ఎంత దూరమో పేజీలు లెక్కపెట్టి, గట్టిగా చదివి చూడొచ్చు. సాక్షుల గడియారాలు ఒకదానితో ఒకటి కలవవు కానీ నాటకం మాత్రం అందరికీ ఒకే వేగంతో నడిచింది. అప్పటినుంచి కార్డుల మీద గంటకు బదులు సీను రాయడం మొదలుపెట్టాను.

తర్వాత బూత్ పక్కనే ఉన్న టాల్టవుల్ సారాయి దుకాణంలో విస్కీ, నీళ్ళు తీసుకున్నాడు. ఆ పైన థియేటర్ ముందు తలుపు దగ్గరికొచ్చి, టికెట్లు చూసే బకింగ్‌హామ్‌ను టైమెంతని అడిగాడు. లాబీలో గడియారం ఉంది.

ఈ లాబీ దగ్గరే నేను ఒక పెద్ద గోతిలో పడబోయాను. సార్జెంట్ జోసెఫ్ డై అనే సాక్షి 1865లో చెప్పిన మాటనిబట్టి, థియేటర్ ముందు ఒక మనిషి పదేపదే గడియారం చూసి టైము పైకి చెబుతున్నాడు, ఆఖరికి ‘పది గంటల పది నిమిషాలు’ అన్నాడు. వినడానికి కుట్రదారుల సంకేతంలాగే ఉంటుంది, ప్రభుత్వ న్యాయవాదులూ అలాగే వాడుకున్నారు. నేనూ ట్రేసింగ్ మీద ముగ్గురు మనుషుల్ని గీసేశాను. 1867 విచారణ చదివాక చెరపాల్సి వచ్చింది. ఆ ముగ్గురూ థియేటర్ మనుషులే: హెస్ అనే గాయకుడు, దుస్తులు చూసుకునే కార్లండ్, వడ్రంగి గిఫర్డ్. ఆ రాత్రి హెస్ ఒక పాట పాడాలి, తన వంతు దాటిపోతుందేమోనని టైము అడుగుతున్నాడు. కుట్ర కథ కొట్టుకుపోయింది, దాని బదులు మంచి మేకు ఒకటి దొరికింది. లాబీ గడియారంలో పదీ పది దాటిన కాసేపటికే కాల్పు. పదింపావు ప్రాంతం అని నేను రాసుకున్నది దీన్నిబట్టే.

ఆ పాటే ఇంకో ముడినీ విప్పింది. పారిపోయే బూత్‌కు తెర వెనక ఇరుకు దారిలో అడ్డుపడ్డది వాద్యబృందం నాయకుడు విలియం విదర్స్. ఆర్కెస్ట్రా దగ్గర ఉండాల్సిన మనిషి అక్కడెందుకున్నాడు? ఆ పాట ఎప్పుడు పెడతారో కనుక్కోడానికి స్టేజి మేనేజరు దగ్గరికి వెళ్ళి తిరిగొస్తున్నాడు. ఒకరికొకరు సంబంధం లేని రెండు సాక్ష్యాలు ఇలా ఒకే కారణం దగ్గర కలిస్తే, అప్పుడు పెన్సిల్ గీతను ఇంకుతో దిద్దుతాను.

లాబీనుంచి మెట్లెక్కి డ్రెస్ సర్కిల్ వెనక గోడ వెంట దక్షిణానికి నడవాలి. బాక్స్‌కు వెళ్ళే దారికి ముందు అధ్యక్షుడి పరిచారకుడు చార్లెస్ ఫోర్బ్స్ కూర్చున్నాడు. బూత్ ఆగి కార్డులాంటిది ఏదో చూపాడు, లోపలికి పోయాడు. పేరున్న నటుడు, ఆ థియేటర్‌లో అందరికీ తెలిసిన ముఖం. కాపలాకు వచ్చిన పోలీసు జాన్ పార్కర్ తన చోట లేడు.

ఇక తలుపులు. ఎక్కువమంది గీసే ప్లాన్లు తప్పేది ఇక్కడే. డ్రెస్ సర్కిల్‌నుంచి ఒక తలుపు. అది చీకటి నడవాలోకి, లోపలికి తెరుచుకుంటుంది. నడవాలో మళ్ళీ రెండు తలుపులు, 7వ బాక్స్‌కు ఒకటి, 8వ బాక్స్‌కు ఒకటి. ఆ రాత్రి మధ్య అడ్డుపలక తీసేసి రెండింటినీ ఒకటి చేశారు. 7వ తలుపులో చూపు ఆనేంత రంధ్రం ఉంది. బూత్ దూరింది 8వ తలుపులోంచి అని నా గీత. దాని తాళం అంతకుముందే, తాళంచెవి దొరక్క థియేటర్ వాళ్ళే విరగ్గొట్టారు.

బయటి తలుపును మూసి బూత్ ఒక కర్రతో బిగించాడు. గోడలో పూత చెక్కి గుంట చేసి, కర్ర ఒక కొస అందులో, రెండో కొస తలుపు మీద. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తులో, ఏటవాలుగా ఉందని, ఆ రాత్రి లింకన్‌తో బాక్స్‌లో కూర్చున్న మేజర్ రాత్‌బోన్ చెప్పాడు. దీన్ని ఒక మామూలు తలుపు మీద కట్టి చూస్తే విషయం తెలుస్తుంది. కర్ర అంగుళం పొట్టిదైతే నిలవదు. పొడుగైతే తలుపు మూతపడదు. వాలు ఎక్కువైతే జారిపోతుంది. సరిగ్గా కుదిరితే మటుకు బయటినుంచి నెట్టేకొద్దీ బిగుసుకుంటుంది. కాల్పు తర్వాత బయటివాళ్ళు తలుపు బాదుతుంటే చెయ్యి కోసుకుపోయిన రాత్‌బోన్ లోపలినుంచి దాన్ని ఎంత కష్టపడి తీసి ఉంటాడో చేత్తో పట్టి చూస్తేనే అర్థమవుతుంది. అది తీశాకే 23 ఏళ్ళ డాక్టర్ చార్లెస్ లీల్ లోపలికి రాగలిగాడు.

కర్రకూ గుంటకూ మధ్య ఈ కొలత చీకట్లో, నాటకం నడుస్తుండగా కుదిరేది కాదు. ముందే వచ్చి కొలిచి చెక్కి ఉండాలి. చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి ఆ మధ్యాహ్నపు రాకను చుక్కల గీతగా పెట్టాను. హత్య తర్వాత ఆదివారం న్యాయమూర్తి ఏబ్రమ్ ఓలిన్ వచ్చి చూసినప్పుడు రాలిన పూత పెళ్ళలు కూడా లేవు, ఎవరో ఎత్తేశారు. నా ఉద్దేశంలో ఈ పనికి మొదటి మనిషి ఓలినే. బాక్స్‌లో ఉన్న క్లారా హారిస్‌ను వెంట తెచ్చి, ఆమె చెప్పిన చోట కుర్చీ వేయించి, రంధ్రంలోంచి చూపు ఎక్కడ ఆనుతుందో పరీక్షించాడు.

ఆ రంధ్రం గురించి మాత్రం జాగ్రత్త. బూత్ తొలిచాడనే విచారణలో చెప్పుకున్నారు. థియేటర్ నడిపిన హ్యారీ ఫోర్డ్ కొడుకు 1962లో, కాపలావాడు లోపలికి చూడటానికి తన తండ్రే పెట్టించాడని రాశాడు. దీని మీద ఎంత వాదించినా బూత్ నడిచిన దారి మారదు. గుంట, కర్ర ఉంటే చాలు. నేను రంధ్రాన్ని ప్లాన్ మీద గుర్తుపెట్టి వదిలేశాను.

వేదిక మీద హ్యారీ హాక్ ఒక్కడే మిగిలి, హాలంతా నవ్వే మాట అనే క్షణం బూత్‌కు కావలసింది. నాటకం వచ్చిన నటుడు కాబట్టి ఆ క్షణం అతనికి తెలుసు. వేదిక ఖాళీగా ఉంటుంది, నవ్వులో చప్పుడు కలిసిపోతుంది. చేతిలో .44 కాలిబర్ డెరింజర్, ఒక్క గుండు పట్టే పిస్టల్. రాత్‌బోన్ లెక్కన అధ్యక్షుడి కుర్చీకి తలుపుకూ మధ్య నాలుగైదు అడుగులే. పిస్టల్ అక్కడే వదిలేసి కత్తి దూశాడు. తర్వాత తన తాళంచెవి వెతుక్కుంటూ తిరిగొచ్చిన విలియం కెంట్ కాలికి ఆ పిస్టల్ తగిలింది. అంటే దాని చోటు బాక్స్ లోపలే, వేదిక మీద కాదు.

రాత్‌బోన్ ఎడమ చేతికి పెద్ద గాయం. అయినా బూత్ కమ్మీ దాటుతుంటే బట్టలు పట్టుకోబోయాడు. కింద వేదికకు దాదాపు 12 అడుగులు. లెక్క వేస్తే గాలిలో ఉన్నది 0.86 సెకను, నేలను తాకే వేగం గంటకు 30 కిలోమీటర్లు. కమ్మీ పట్టుకుని వేలాడి వదిలితే రెండూ తగ్గుతాయి. బూటు మడమకు ఉండే గుర్రపుస్వారీ ముల్లు జెండాలో చిక్కుకుందని కొందరు, జార్జ్ వాషింగ్టన్ చిత్రపటం చట్రానికి తగిలిందని కొందరు. రెండూ బాక్స్ ముందు భాగానే ఉన్నవి. ‘సిక్ సెంపర్ టిరానిస్’ (నిరంకుశులకు ఎప్పుడూ ఇదే గతి) అని లాటిన్‌లో అరిచింది బాక్స్‌లోనా వేదిక మీదా అన్నదీ తేలదు. కాల్చకముందే అన్నానని బూత్ డైరీలో రాసుకున్నాడు, వేదిక మీద విన్నానని ఫెర్గూసన్ చెప్పాడు, రాత్‌బోన్‌కు ‘ఫ్రీడమ్’ లాంటి మాట వినిపించింది. రెండు చోట్లా గుర్తు పెట్టాను.

వేదికకు అడ్డంగా దక్షిణంనుంచి ఉత్తరానికి పరుగు, విదర్స్ మీద రెండు కత్తిపోట్లు, వెనక తలుపు. ముందు వరసలోంచి వేదిక ఎక్కి తరిమిన జోసెఫ్ స్టూవర్ట్ తలుపు దగ్గరికొచ్చి, కంగారులో తెరుచుకోని వైపు పట్టుకుని లాగాడు. ఆ రెండు మూడు సెకన్లే బూత్‌కు దక్కినవి. బయట పీనట్ జాన్‌ను కత్తి పిడితో కొట్టి గుర్రమెక్కి, సందులోంచి ఎఫ్ స్ట్రీట్ వైపు.

ఈ తలుపు గీతను నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు సరిచూసుకున్నాను. దీని మీద ఒక మనిషి బతుకు ఆధారపడింది. దారి ఖాళీగా ఉంచాడని, బూత్ ఎటు పోయాడో చెప్పొద్దని తోటి పనివాణ్ణి కొట్టాడని స్పాంగ్లర్‌కు ఆరేళ్ళ శిక్ష వేశారు. 1869లో క్షమాభిక్ష దొరికేదాకా ఫ్లోరిడా దగ్గరి ద్వీపపు కోటలో మగ్గాడు. సీన్ల కాగితం పెట్టి చూస్తే ఆ రంగంలో ఆ దారి ఖాళీగా ఉండటం రోజువారీ పనిలో భాగమే. వింగ్‌లో, అంటే వేదిక పక్క తెరచాటు దారిలో, సామాను అడ్డం పెడితే నటులు ఎలా వస్తారు, ఎలా పోతారు? స్పాంగ్లర్ ఆ దారిని బూత్ కోసం ఖాళీ చేశాడనడానికి నా ప్లాన్‌లో ఆధారం దొరకలేదు.

అక్కడినుంచి ఊరు దాటించే నేవీ యార్డ్ వంతెన సుమారు మూడు మైళ్ళు. బూత్ పదిన్నరకో పదకొండుకో వచ్చాడని కాపలా సార్జెంట్ సైలస్ కాబ్ అన్నాడు. పదీ ఇరవైకి బయల్దేరాడనుకుని పదిన్నర పట్టుకుంటే గంటకు 18 మైళ్ళు, ఊరి వీధుల్లో గుర్రాన్ని చంపే వేగం. పదీ నలభై అయితే తొమ్మిది మైళ్ళు, సరిపోతుంది. అందుకే పదీ నలభైకి దగ్గరగా గుర్తుపెట్టాను. చీకటి దారి కదా, వెన్నెల కోసం ఆగానని బూత్ కాబ్‌తో అన్నాడు. అది బహుళ చవితి ప్రాంతం, చంద్రోదయం పది గంటల దరిదాపుల్లోనే. అబద్ధం కూడా పంచాంగానికి సరిపోయేలా చెప్పాడు. తన అసలు పేరే చెప్పాడు కూడా.

మిగిలింది కాలు. ఎడమ కాలి చిన్న ఎముక, చీలమండకు పైన విరిగింది. వేదిక మీదికి దూకినప్పుడే అని బూత్ డైరీ. గుర్రం పడిందని, తర్వాత ఆ కాలికి కట్టు కట్టిన డాక్టర్ మడ్‌తో చెప్పుకున్నది ఇంకోటి. గుర్రమెక్కడానికి బరువంతా మోపేది ఎడమ కాలి మీదే కాబట్టి, విరిగిన కాలితో ఎలా ఎక్కాడన్నది రెండో వాదానికి బలం. ఆ చిన్న ఎముక ఒంటి బరువులో కొద్ది పాలే మోస్తుంది కనుక వేడి మీద ఎక్కగలడన్నది మొదటి వాదానికి బలం. జీనులో సరిగా కుదురుకోకుండానే గుర్రం కదిలిందన్న స్టూవర్ట్ మాటను ఎటైనా తిప్పవచ్చు. కాబ్‌కు నొప్పి ఛాయలేమీ కనబడలేదు. అర్ధరాత్రికి, పారిపోయే దారిలోని సురాట్స్‌విల్ సత్రం దగ్గర మాత్రం బూత్ గుర్రం దిగలేదు, కాలు విరిగిందని చెప్పి తుపాకీ కూడా వద్దన్నాడు. అంటే అప్పటికి విరిగి ఉంది. నా ప్లాన్‌లో కాలి గుర్తు చుక్కగా లేదు. వేదిక మీద మొదలై సత్రం గుమ్మం దాకా సాగే ఎర్ర గీతగా ఉంది. చుక్క పెట్టాల్సిన చోటు దొరికేదాకా దాన్ని అలాగే ఉంచుతున్నాను.